లెక్కలోకి రాని చెయ్యి

3వ తేదీ, సోమవారం

తమ్ముడు మేజోళ్లు వేసుకోకుండానే బయల్దేరాడు. గుమ్మం దాకా వెంటపడి చెప్పాను, వినలేదు. చర్చికి పాస్టరైతే మాత్రం, అరవై దగ్గర పడితే మాత్రం, తడిసిన కాళ్లకి దగ్గు రాకుండా పోతుందా? వాడి భార్య బతికుంటే ఆవిడ మాట వినేవాడు. నేను అక్కని. నా మాట గాలికి.

ఈ డైరీ మేనకోడలు ఇచ్చింది. అది ఆసుపత్రిలో నర్సు. మందుల కంపెనీ వాళ్లు దానికి ఊరికే ఇచ్చారట. "అత్తా, నీ బెంగలన్నీ పొద్దున్నే నా చెవిలో పొయ్యకు. ఇందులో రాసుకో. డ్యూటీకి వెళ్లేముందు నన్ను ఒక్క కప్పు టీ ప్రశాంతంగా తాగనియ్" అంది. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉంటాయి. ఎవరు చూడొచ్చారు.

ఇవాళ మునిసిపాలిటీలో కౌన్సిల్ సమావేశం. పల్లపు వీధి వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లాడు తమ్ముడు. ఏడాదిగా ఇదే గోల. సొంత ఇల్లున్నవాళ్లకే ఊరి ఎన్నికల్లో ఓటు, అద్దెవాళ్లకి లేదు. పల్లపు వీధిలో అందరూ అద్దెవాళ్లే. నీటి పన్ను కడతారు, చెత్త పన్ను కడతారు, మురుగు పొంగి వంటింట్లోకి వస్తే మాత్రం అడిగే నోరు లేదు. మేముండేది చర్చి ఇల్లు కనక తమ్ముడికీ లేదు ఓటు, నాకూ లేదు. నాకెందుకు ఓటు? నేనెప్పుడైనా అడిగానా?

సమావేశం హాల్లో మేడమీద జనం కోసం బెంచీలున్నాయి. ఎవరైనా కూర్చోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. వీళ్లు విప్పలేదు. కింద కౌన్సిలర్లు ఓటుకి చేతులెత్తినప్పుడల్లా పైన వీళ్లూ ఎత్తారట. అంతే. కాసేపటికి పోలీసులొచ్చి వానలోకి తోలారు.

ముద్దగా తడిసి వచ్చాడు, పైగా నవ్వుతూ. "అక్కా, మేడమీద చేతులెత్తకూడదని ఏ రూల్లోనూ లేదట. గుమాస్తా పాపం పుస్తకమంతా తిరగేశాడు."

"ముందు ఆ తడి మేజోళ్లు విప్పు" అన్నాను.

"వేసుకోలేదని పొద్దున తిట్టావుగా!"

నాకేం భయం లేదు. తలుపు గడియ మాత్రం ఇంకోసారి చూసుకున్నాను.

5వ తేదీ, బుధవారం

దగ్గు మొదలైంది. నేను ముందే చెప్పాను.

6వ తేదీ, గురువారం

పట్టపగలు వంటింటి కిటికీలోంచి రాయి వచ్చి పడింది. స్టవ్ పక్కన నిలబడి ఉన్నాను. ఒక్క అడుగు ఇటు జరిగి ఉంటే నా నెత్తిన పడేది. జరగలేదు కాబట్టి పడలేదు. అయినా ఆ అడుగు గురించే అప్పటినుంచి ఆలోచిస్తున్నాను.

చప్పుడు విని కుట్టుమిషనావిడ పరుగెత్తుకొచ్చింది. పల్లపు వీధి మొదట్లోనే ఆమె ఇల్లు. మా చర్చి మనిషే. గాజుపెంకులు ఊడుస్తూ రాయి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఇదేం రాయండీ అక్కగారూ, ఇంత నున్నగా ఉంది! ఎన్నుకుని మరీ తెచ్చినట్టున్నాడు. మా గుమ్మం తలుపు గాలికి కొట్టుకుంటోంది, పట్టుకెళ్లనా?"

నేను ఏడుస్తున్నాను, మధ్యలో నవ్వొచ్చింది. పట్టుకెళ్లమన్నాను.

తమ్ముడు కిటికీకి అట్ట కొట్టాడు. "మానెయ్యరా" అన్నాను. సుత్తి ఆపలేదు. "ఏది మానెయ్యమంటావు, మేకులు కొట్టడమా?" అన్నాడు. ఏదో వాడికి తెలుసు.

9వ తేదీ, ఆదివారం

ఇవాళ ప్రభువు బల్ల. రొట్టె నేనే కాలుస్తాను, ద్రాక్షరసం చిన్న గ్లాసుల్లో నేనే పోస్తాను. పళ్లెం నా దగ్గరికొస్తే పక్కవాళ్లకి అందిస్తాను. బాప్తిస్మం తీసుకోనిదాన్ని, నేను తినకూడదు. ఇన్నేళ్లుగా అందరికీ అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్లే కాస్త వింతగా చూస్తారు, పాస్టరుగారి అక్క కదా అని.

మా చర్చిలో బాప్తిస్మమంటే నెత్తిన చుక్కలు చిలకరించడం కాదు. మొత్తం ముంచుతారు. వేదిక పలకలు తీస్తే కింద తొట్టి ఉంటుంది, మెట్లు దిగాలి. అది ఎండిపోయి ఉన్నప్పుడు బ్రష్షు పెట్టి తోమేది నేనే. నీళ్లు వదిలాక దాని పక్కకి పోను. ఎందుకో ఇందులో రాయను.

బల్ల అయ్యాక ఇనుపసామాన్ల కొట్టాయన లేచాడు. సంఘం పనులు చూసే డీకన్లలో పెద్ద ఆయనే. కౌన్సిలరూ ఆయనే. పల్లపు వీధిలో ఇళ్లు దాదాపు అన్నీ ఆయనవే. మెత్తగా మాట్లాడతాడు, గొంతు పెంచడం ఎప్పుడూ వినలేదు. "వచ్చే ఇరవై మూడున సంఘ సమావేశం. మన అయ్యగారు వేదిక మీద ఉంటారా, మునిసిపాలిటీ మెట్ల మీద ఉంటారా, సభ్యులు తేల్చాలి" అన్నాడు.

మా సంఘంలో పాస్టరుని పెట్టుకునేదీ పంపేదీ సభ్యులే. ఉన్నవాడికీ ఒకటే చెయ్యి, లేనివాడికీ ఒకటే చెయ్యి. మునిగినవాళ్లందరికీ ఓటుంది.

నేను మునగలేదు.

బయటికొస్తుంటే కొట్టాయన, "రొట్టె ఈసారి చక్కగా కుదిరింది అక్కగారూ" అన్నాడు. ఆ నోటితోనే.

11వ తేదీ, మంగళవారం

పంపించేస్తే ఈ ఇల్లు పోతుంది. తమ్ముడు ముప్పై ఏళ్లు నిలబడ్డ వేదిక పోతుంది. వాడికి వేరే ఏ పనీ రాదు. మేకు కొడితే వంకర పోతుంది.

12వ తేదీ, బుధవారం

అడిగేశాను. వాడు బూట్లకి పాలిష్ పెట్టుకుంటున్నాడు.

"నాకు బాప్తిస్మం ఇవ్వరా."

బ్రష్షు ఆగింది. "ఏమొచ్చిందక్కా ఇప్పుడు?"

"ఏమొస్తుంది? అందరికీ ఇస్తావు, నాకివ్వవా? ఈ ఆదివారం పెట్టు."

"ఈ ఆదివారమా? అంటే సమావేశానికి ముందు ఆదివారం."

"ఏ ఆదివారమైతే నీకేం?"

నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. వీపు రాశాను. ఊపిరి తీసుకున్నాక నా చెయ్యి పట్టుకున్నాడు, పాలిష్ నల్లదనమంతా నాకంటించి. "అక్కా, ఓటుకి ఇల్లు వెల అంటున్నారని కదా నేను వాళ్లతో పోట్లాడుతున్నాను. ఓటుకి బాప్తిస్మం వెల అని నేననాలా? సమావేశం అవనీ. ఆ తర్వాత నువ్వు అడిగిన రోజున ఇస్తాను."

"ఆ తర్వాత ఎందుకు నాకు" అని నోరు జారాను. వాడు బూటు అందుకున్నాడు.

ఓటు కోసం కాదు నేనడిగింది. ఓటు సంగతి నాకసలు గుర్తే లేదు.

13వ తేదీ, గురువారం

అయినా మనసు మార్చుకుంటాడేమోనని స్నానాల గదిలో బకెట్ నిండా నీళ్లు పట్టి మొహం పెట్టి చూశాను. చెవుల దాకా కూడా పోలేదు, ఇక నా వల్ల కాలేదు. తల తీసేసరికి మేనకోడలు గుమ్మంలో ఉంది.

"అత్తా, మొహం కడుక్కుంటున్నావా, బకెట్‌తో ఏమైనా మాట్లాడుతున్నావా?"

"కంట్లో నలక పడింది."

"రెండు కళ్లలోనా?" అంది. తువ్వాలు ఇచ్చి వెళ్లిపోయింది. వాళ్ల నాన్నకి చెప్పలేదు. మంచి పిల్ల.

17వ తేదీ, సోమవారం

మళ్లీ కౌన్సిల్. మళ్లీ చేతులు. ఈసారి వాన లేదు, మేజోళ్లున్నాయి. పోలీసులు కూడా మెల్లగానే తోలారట. తోలేవాడికి కూడా చెయ్యి నొప్పి పుట్టిందేమో.

కుట్టుమిషనావిడ వచ్చి కూర్చుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, టీ చల్లారేదాకా కప్పులోకే చూసింది. "కొట్టాయన పొద్దున వచ్చాడండీ అక్కగారూ. గోడలు చూశాడు, కప్పు చూశాడు. ఇల్లు బాగుచేయించాలి, ఖాళీ చెయ్యాల్సొస్తుందేమో, ఆదివారం తర్వాత చెబుతానన్నాడు."

"ఆదివారం తర్వాతా?"

"ఆదివారం తర్వాత."

చల్లారిన టీ పారబోసి మళ్లీ వేడిది పోశాను.

19వ తేదీ, బుధవారం

ఇంట్లో పెద్ద గొడవ. మేనకోడలు చీటీలు పెట్టమంటుంది. కాగితం మీద రాసి మడిచి పెట్టెలో వేస్తే ఎవరు ఎటో కొట్టాయనకి తెలియదు. నేను కూడా అన్నాను. తమ్ముడు ససేమిరా అన్నాడు.

"మన సంఘం పుట్టిన్నాటి నుంచి చేతులే. దేవుడి ఇంట్లో చెయ్యి దాచుకోవడమేమిటి?"

"నాన్నా, దేవుడు అద్దె వసూలుకి రాడు" అంది పిల్ల.

"మేడమీద పోలీసుల ఎదురుగా ఎత్తినవాళ్లు చర్చిలో ఎత్తరా? వాళ్లని తక్కువ చెయ్యకు."

వాడు పట్టు పట్టాడంటే ఇక అంతే. చిన్నప్పుడూ ఇంతే. కాలువ దగ్గరికి వెళ్లొద్దురా అంటే వెళ్లాడు.

22వ తేదీ, శనివారం

రేపు. స్టవ్ కట్టేశాను. కట్టేశానని ఇక్కడ రాస్తున్నాను, మళ్లీ లేచి చూడకుండా.

లేచి చూశాను. కట్టేసే ఉంది.

23వ తేదీ, ఆదివారం

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

ఆరాధన అయ్యాక తమ్ముడు బయటికి వెళ్లాలి, అది పద్ధతి. కోటు తీసుకోకుండా వెళ్లి ఆవరణలో సైకిళ్ల పక్కన నిలబడ్డాడు. కిటికీలోంచి నాకు కనిపిస్తున్నాడు. నేను చివరి బెంచీలో ఉన్నాను. సభ్యులు కానివాళ్లు అక్కడే కూర్చోవాలి. నా పక్కన ఎవరి ఇంటికో చుట్టపుచూపుగా వచ్చిన ముసలాయన ఒకడున్నాడు.

కొట్టాయన తీర్మానం చదివాడు. పాస్టరుగారు మునిసిపాలిటీ వ్యవహారం మానుకోవాలి, లేకపోతే నెలాఖరుకి సంఘాన్ని వదలాలి. "ఆయన ఆ పని చేసుకుంటూనే మన కాపరిగా ఉండాలనుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

లేచాయి! నా కళ్లతో చూశాను. ఎన్ని చేతులు! సగం హాలు పైనే. గెలిచామనుకున్నాను.

అప్పుడాయన లెక్కపెట్టడానికి వేదిక దిగాడు. ముందు బెంచీ నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్క బెంచీ దగ్గర ఆగుతాడు, ఒక్కొక్క మొహం చూస్తాడు, అప్పుడు వేలు ఆడిస్తాడు. తొందరేం లేదు. ఆయన ఆగిన చోట చేతులు దిగిపోతున్నాయి. అన్నీ ఒకేసారి కాదు, ఒక్కొక్కటే, ఏదో పని గుర్తొచ్చినట్టు. ఒకతను తల గోక్కున్నాడు. ఒకావిడ పిల్ల జుట్టు సర్దింది. మేనకోడలు నర్సు బట్టల్లోనే వచ్చింది, దాని చెయ్యి దిగలేదు. గుంపులో ఎత్తడం వేరు, మన బెంచీ ముందు మనిషి నిలబడి చూస్తుంటే ఎత్తడం వేరు. తమ్ముడికి ఇది తెలియలేదు. వాడు ఎప్పుడూ ఎవరికీ అద్దె కట్టలేదు కదా.

కుట్టుమిషనావిడ చెయ్యి నిటారుగా ఉంది. ఆయన ఆగాడు.

"అమ్మాయ్, పిల్లలు బాగున్నారా?"

అంతే అన్నాడు. చెయ్యి దిగింది. ఆమె ఒళ్లోకి చూస్తూ కూర్చుంది.

నాకు తెలియకుండానే నా చెయ్యి లేచిందని రాద్దామనుకున్నాను. అబద్ధం. తెలిసే ఎత్తాను.

ఆయన చివరి బెంచీ దాకా వచ్చి నన్ను చూసి చిన్నగా నవ్వాడు. "అక్కగారూ, మీది లెక్కలోకి రాదు."

"తెలుసండీ."

"మరి దించండి."

"లెక్కలోకి రానప్పుడు పైనుంటేనేం, కిందుంటేనేం? ఉండనివ్వండి."

"చెయ్యి నొప్పి పుడుతుంది మీకు."

"నా చెయ్యి. నా నొప్పి."

ఎవరో కిసుక్కుమన్నారు. రెండో చేత్తో బెంచీ అంచు పట్టుకున్నాను. పక్కనున్న ముసలాయన విషయమేమిటో తెలియకపోయినా తనూ ఎత్తాడు. అప్పుడు కుట్టుమిషనావిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది. చూస్తూ చూస్తూ మళ్లీ ఎత్తింది. ఆమె పక్కనామె. తల గోక్కున్నతను. ఇంకా, ఇంకా.

"ఆ బెంచీలు అయిపోయాయి. ఒకసారి లెక్కపెట్టాక మళ్లీ ఉండదు" అన్నాడు కొట్టాయన. అంకె చెప్పాడు. నేను వినలేదు. తగ్గిందని మాత్రం మేనకోడలి మొహంలో చూశాను.

బయట తమ్ముడు ఎవరినీ ఏమీ అడగలేదు. కూతురే వెళ్లి, "నాన్నా, సామాను సర్దుకోవాలి" అంది. "సరే" అన్నాడు. నేను కోటు తొడిగాను. తొడిగించుకున్నాడు, చిన్నపిల్లాడిలా.

ఇంటికొచ్చాక అన్నాడు: "నువ్వు చెయ్యెత్తావట."

"తిమ్మిరెక్కితే విదిలించుకున్నాను."

అట్ట కొట్టిన కిటికీ వైపు తిరిగాడు. "చీటీలే పెట్టాల్సింది. తప్పు నాదేనక్కా. భయమున్నవాళ్లని తీసుకెళ్లి అందరి ముందూ నిలబెట్టాను. రేపు పల్లపు వీధికి ఓటొస్తే అది మూసిన పెట్టెలో పడాలి. అది కూడా అడగాలి. రాసుకోవాలి, కలమేది?"

ఉద్యోగం పోయిన రోజున కూడా వీడికి కలం కావాలి. వెతికి ఇచ్చాను.

24వ తేదీ, సోమవారం

దగ్గు తగ్గింది. ఎందుకు తగ్గిందోనని బెంగగా ఉంది.

26వ తేదీ, బుధవారం

కుట్టుమిషనావిడ వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. "నా మొహం చూడాలనుందా అక్కగారూ మీకు?"

"చూడకపోతే ఈ గిన్నెలు ఎవరు కడతారు నాతో? రా, ఇలా పట్టు."

గిన్నెలకి కాగితాలు చుడుతూ చెప్పింది. పల్లపు వీధి చివర పాత బేకరీ పైన గది ఖాళీగా ఉందట. ఆ వీధిలో కొట్టాయనది కాని కప్పు అదొక్కటే. మెట్లు నిటారుగా ఉన్నాయి, కమ్మీ లేదు. నేను పడతాను. కచ్చితంగా పడతాను. తీసుకుంటామని చెప్పమన్నాను.

27వ తేదీ, గురువారం

తమ్ముడు పుస్తకాలు పెట్టెలో సర్దుతున్నాడు.

"నీకింకా ఒక ఆదివారం ఉంది కదా" అన్నాను.

"ఉంది."

"ఇప్పుడు ఓటేం లేదు కదా. ఇల్లూ లేదు, వేదికా లేదు. ఇప్పుడివ్వు."

చేతిలో పుస్తకం కింద పెట్టేశాడు. "భయం లేదా?"

"చచ్చేంత ఉంది. అడక్కు."

కాలువ సంగతి రాయనన్నాను కదా. రాస్తాను, ఒక్క ముక్కే. అమ్మ పోయిన ఏడాది వాడు ఐదేళ్లవాడు, కాలువలో పడ్డాడు. నేను దూకాను. చొక్కా దొరికింది. ఒడ్డు మాత్రం దొరకలేదు. నీళ్ల కింద నుంచి పైన వెలుతురు కనిపిస్తూనే ఉంది, చేతికి అందదు. ఎవరో లాగారు ఇద్దరినీ. అప్పటినుంచి తల మీద చెంబు కూడా కళ్లు తెరిచే పోసుకుంటాను.

30వ తేదీ, ఆదివారం

కొట్టాయన అడ్డం పడ్డాడు, సంఘం ఒప్పుకోకుండా సభ్యురాల్ని ఎలా చేస్తారని. "సభ్యత్వం నాకొద్దండీ, నీళ్లు చాలు" అన్నాను. ఆయన పక్కకి జరిగి దారి వదిలాడు.

తెల్ల అంగీ నాకు పొడుగైంది. తొట్టి మెట్లు నేను తోమినవే. ఏ మెట్టు అరిగిందో కూడా తెలుసు. అయినా కాలు కదలదు. తమ్ముడు నడుము లోతు నీళ్లలో నిలబడి చెయ్యి చాపాడు. దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి, వాడికి మళ్లీ దగ్గొస్తుంది.

"అక్కా, ఇది కాలువ కాదు" అన్నాడు నాకే వినపడేలా.

"తెలుసు. పని కానియ్."

నమ్ముతున్నావా అని అడిగాడు. నమ్ముతున్నానన్నాను. వీపు కింద చెయ్యి వేశాడు. వెనక్కి వాలాను. కళ్లు మూసుకోలేదు. పైన వెలుతురు ఉంది, అందులో వాడి మొహం అలలు అలలుగా ఉంది. ఈసారి అది దూరం పోలేదు. దగ్గరికొచ్చింది.

లేచి దగ్గాను. వాడూ దగ్గాడు. ఇద్దరం దగ్గుకుంటూ మెట్లెక్కాం. పైన కుట్టుమిషనావిడ తువ్వాలు పట్టుకుని ఉంది, మేనకోడలు నా నాడి పట్టుకుంది. "బతికే ఉన్నావత్తా" అంది.

తమ్ముడికి చివరి ఆదివారమని బల్ల కూడా పెట్టారు. పళ్లెం పక్కకి అందించే ముందు నేనూ ఒక ముక్క తీసుకున్నాను. ఇన్నేళ్లు కాల్చాను గానీ ఒక్కసారీ రుచి చూడలేదు, చూడకూడదని. అందులో ఉప్పే లేదు. ఇంతకాలం ఒక్క మనిషి చెప్పలేదు!

31వ తేదీ, సోమవారం

పొద్దున బేకరీ పైగదికి సామాను చేర్చాం. మెట్ల మీద పడలేదు. రేపు పడొచ్చు. మధ్యాహ్నం కౌన్సిల్. తమ్ముడు నన్ను రావద్దన్నాడు, గాలాడదు, నీకు కంగారు అని. ఇంట్లో ఉంటే లేదా కంగారు? వెళ్లాను. నేనూ అద్దెదాన్నే ఇప్పుడు. వాడి చేత మేజోళ్లు తొడిగించే తీసుకెళ్లాను.

మేడమీద చివరి బెంచీ దొరికింది. నాకు అలవాటైన చోటే. వీధి వీధంతా వచ్చింది, సంఘ సమావేశంలో చేతులు దించినవాళ్లతో సహా. ఇల్లు ఖాళీ చెయ్యమన్న కబురు కుట్టుమిషనావిడకి శనివారమే అందింది. "ఇంక నా చెయ్యి దించడానికి ఆయన దగ్గర ఏముందండీ?" అంటూ నా పక్కనే కూర్చుంది.

కింద ఏదో వీధి దీపాల సంగతి నడుస్తోంది. చేతులెత్తమన్నారు. కౌన్సిలర్లు ఎత్తారు, కొట్టాయన ఎత్తాడు. మేమూ ఎత్తాం. భుజం పీకుతోంది, రెండో చేత్తో మోచెయ్యి పట్టుకున్నాను. పోలీసులు గుమ్మంలోనే ఉన్నారు, ఇంకా కదల్లేదు.

గుమాస్తా లెక్కపెడుతున్నాడు. కింది వరస అయిపోయింది. కలం కాగితం మీద పెట్టబోయి, ఏమనుకున్నాడో, తల పైకెత్తాడు. పెదాలు కదులుతున్నాయి. ముందు బెంచీ, దాని వెనకది, దాని వెనకది. కొట్టాయన బల్ల మీద గట్టిగా చరిచాడు. గుమాస్తా ఉలిక్కిపడి తల దించుకున్నాడు.

కానీ నేను చూశాను. నా దాకా వచ్చాకే ఆగాడు.